నాయన స్వెటరు

మార్చి 3
అమ్మ బాత్‌రూమ్‌లో పడిపోయింది. దెబ్బలు తగల్లేదు, అదృష్టం. ఒళ్లంతా చెమట, మెడ చుట్టూ చెమటకాయలు... పైన నాయన కాఫీపొడి రంగు స్వెటరు, మెడదాకా గుండీలు. డాక్టరు నా మీద విసుక్కున్నాడు. "ఎండలు ఇంకా ముదరనే లేదు. అది మాన్పించకపోతే మళ్లీ పడిపోతాది." మాన్పిస్తాను. ఈ వారంలోనే.

మార్చి 4
ముప్పై ఏళ్లు కొండ మీద ఉన్న మనిషి. నాయన పోయాక గాజుల కొట్టు మూసేసి తిరుపతికి, నా దగ్గరికి దించుకొని రెండేళ్లు. అమ్మ దిగింది, చలి దిగలేదు. ఫ్యాను కింద కూర్చొని — "మంచు పడతా ఉండాది, కిటికీ ముయ్ మే."

మార్చి 5
స్నానానికి పోయినప్పుడు స్వెటరు తీసి బీరువా మీద దాచాను. సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి మా ఆయన స్వెటరు తొడుక్కొని కూర్చుంది. మోకాళ్ల దాకా. నవ్వొచ్చింది, తర్వాత వంటింట్లోకి పోయి ఏడ్చాను. నాయనది తెచ్చి ఇచ్చేశాను.

మార్చి 6
అరిచాను. తప్పే. "నీకు చలి లేదని నాకూ ఉండదా?" అంది.

మార్చి 7
మా ఆయన: "పోనీలే మే, ముసలామె. ఏసుకోనీ." పోనిచ్చేది లేదు. పడేది మా అమ్మ, ఆయన కాదు. ఇంట్లో ఉన్ని అనేది ఒక్కటి కూడా బయట ఉండకూడదు. రేపు ఆదివారం.

మార్చి 8
అటక మీది ట్రంకు పెట్టె దించాను. స్వెటర్లు, శాలువాలు, మంకీ క్యాపులు — అన్నీ మిద్దె మీద ఆరేసి తెచ్చి అమ్మ ముందర కుప్ప పోశాను. మడత రానిదానిలా స్వెటర్ల చేతులు చిక్కుముళ్లు వేసుకుంటూ కూర్చున్నాను. ఎంతసేపు చూస్తుంది! "అట్లనా మడిసేది? ఇట్ల తే."

కొండ మీద ఏటా చలికాలం పోయాక చేసిన పనే. చేతులు ఏదీ మర్చిపోలేదు. "వేడి మీద పెట్టొద్దు, సల్లారనీ. లేదంటే చెమ్మ పట్టి ముక్క వాసనొస్తాది." వేపాకు ఎండుదే కావాలట, పచ్చిదైతే మరకలు. మడతకూ మడతకూ మధ్య పాత పంచె ముక్క. అన్నీ అయ్యాక తన గుండీలు తనే విప్పింది, పై నుంచి ఒక్కొక్కటే. నాయన స్వెటరు చేతులు లోపలికి మడిచి, అన్నిటికన్నా పైన పెట్టి మూత వేసింది. రెండేళ్ల తర్వాత అమ్మ చేతులు చూశాను. ఎంత సన్నబడిపోయింది.

గెలిచాననుకున్నాను. తాళంచెవి కొంగున ముడేసుకుంటూ అంది — "సర్దడం అయిపాయ గదా. పొద్దున బస్సుకు పైకి పోదాం. మీ నాయన ఒక్కడే ఉండాడు ఆడ."

మార్చి 9
అమ్మ ఒంటి మీద ఉత్త నూలు చీరే. పెట్టె వాకిట్లోకి లాక్కొని దాని మీద కూర్చుంది. "బస్సెప్పుడు?" "రేపు మా."

మార్చి 10
"బస్సెప్పుడు?" "రేపు." మెడ మీద చెమటకాయలు మానుతున్నాయి. మధ్యాహ్నం గంటసేపు నిద్రపోయిందట, ఫ్యాను కిందే. రేపు బస్సనేది అబద్ధమే. అయితే ఏం? ఎండలు పోయేదాకా రోజూ ఇదే చెప్తాను. పాపం తగిలితే నాకే తగలనీ.

మార్చి 11
బస్సు ఊసెత్తలేదు. నేను చెప్పులు వేసుకుంటుంటే చెయ్యి పట్టుకుంది.
"ఆయన స్వెటరు మనం పెట్టెలో పెట్టేస్తిమే. ఇన్ని దినాలుగా ఆడ సలికి ఎట్లుండాడో..."
తొమ్మిదింటికి స్కూలు. చెయ్యి వదల్లేదు. చెప్పులు విప్పి, పెట్టె మీద అమ్మ పక్కనే కూర్చున్నాను.