నడింట్లో నల్ల డోము

కర్నూలు,
17-2-57, ఆదివారం.

చిరంజీవి ఓబులేసుకు,

నీ అన్న తిమ్మయ్య దీవించి రాయించునది. డోన్‌లో నీవూ, మరదలు కృష్ణవేణీ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ క్షేమమేనని రాయమంటావా అని మీ వదిన అడుగుతోంది. అబద్ధంతో ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాదు. బతికి ఉన్నామని రాయమన్నాను.

చేతిరాత మీ వదినది, మాట నాది. ఈ నడింట్లో కూర్చుంటే కాగితం మీది గీతలే కనపడవు, ఇంక నేనేం రాసేది? అంతా నీవు పెట్టిన భిక్షే. పోయిన ఉగాదికి నీవు తెచ్చి బల్బుకు బిగించిపోయిన నల్ల రేకు డోము ఇంకా నా నెత్తిమీదే వేలాడుతోంది.

ఆ రోజు నీవు చెప్పిన మాటలు మరిచిపోలేదు. "అన్నా, ఇంత చిన్న గదిలో బోడి బల్బు వేలాడితే కండ్లల్లో కొడతాది. నల్ల డోము పెడితే వెలుగంతా నీ మిషను మీదనే పడతాది. మా రైలు గార్డు దొర క్వార్టర్సులో ఇట్లనే ఉండాది, శానా బాగుంటాది" అన్నావు. గార్డు దొర ఆ దీపం కింద పేపరు చదువుకుంటాడేమో గానీ కాజాలు కుట్టడు కదరా! సాయంత్రం దీపం వేయగానే చేతులెత్తి మొక్కే ఇల్లు మనది. నల్ల రేకుకు ఎట్లా మొక్కమంటావు? ఊళ్ళో జనం ఇంటి ముందర దిష్టికుండ కట్టుకుంటారు. నీవు నా ఇంటి నడుమ కట్టిపోయావు.

ఈ గది సంగతి నీకు తెలియనిది కాదు. కర్నూలు రాజధాని అయిందని ఎదురింటి శెట్టి మిద్దె మీద మిద్దె లేపి ఆఫీసర్లకు అద్దెకిచ్చినప్పటినుంచి మనకు పగటి వెలుగు లేదు. ఇప్పుడు రాజధాని హైదరాబాదుకు ఎత్తిపోయింది, ఆఫీసర్లు పోయారు, వాళ్ళు కుట్టించుకునే కోట్లూ పోయాయి. మిద్దె మాత్రం అట్లే ఉంది. పగలు కూడా కరెంటు దీపం వేసుకొనే కుట్టాలి. అరుగు మీద మిషను వేసుకుందామంటే ఎండ కళ్ళల్లో పొడుస్తుంది, నీళ్ళు కారతాయి. లోపలికొస్తే నీ డోము. దాని నల్లరంగు వేడికి పొగ వదులుతుందో ఏమో, బల్బు చుట్టూ ఎప్పుడూ పొగ కమ్ముకొనే ఉంటుంది. మీ వదినను అడిగితే పొగ లేదంటుంది. ఆడవాళ్ళకు పొయ్యి పొగ అలవాటు, ఈ పొగ పొగలా అనిపించదు కాబోలు.

మొన్న ప్రకాశం మాస్టరు కోటు కుట్టించుకున్నాడు. మన దగ్గర పదేళ్ళుగా కుట్టించుకుంటున్న మనిషి. చెయ్యి అతుకు వంకర పోయిందట, గుండీలు ఒకదానికొకటి అందడం లేదట. అందరి ముందరా కోటు మిషను మీద పడేసి, "తిమ్మయ్యా, నీ చెయ్యి పోయిండాదప్పా" అన్నాడు. నా చెయ్యి పోలేదు మాస్టరూ, నా దీపం పోయింది అన్నాను. పైకి వేలు పెట్టి డోము చూపించాను. ఆయన తలెత్తి చూశాడు. ఏం తోచిందో, కోటు మళ్ళీ మడుచుకొని వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆయన వేరే చోట కుట్టించుకుంటున్నాడని విన్నాను.

ఆయనకే కాదు, ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపిస్తున్నాను. ఇదో, ఇది మా తమ్ముడు నాకిచ్చిన బహుమానం, వెలుగు మింగే రేకు అని. కోర్టు బంట్రోతు మారెన్నకు చూపించాను. పక్కింటి గంగక్కకు చూపించాను. డోము పెట్టిన కొత్తలో అందరూ "ఏమప్పా తిమ్మయ్యా, ఎవురి దిష్టి తగిలిందని నల్లకుండ కట్టినావు" అని నవ్వేవాళ్ళు. ఇప్పుడెవరూ నవ్వరు. చూస్తారు, తల వంచుకొని పోతారు. నీ గురించి చెడ్డమాట అనడానికి వాళ్ళకే సిగ్గు.

మీ వదిన కలం ఆపింది. ఇది రాయనంటోంది. రాయమన్నాను.

నాయన పోయినప్పుడు నీకు లాగు కట్టుకోవడం రాదు. ఈ మిషను తొక్కే నిన్ను రైలు ఉద్యోగం దాకా పంపించాను. నీ మొదటి యూనిఫారం నా చేత్తో కుట్టాను. అది చెప్పుకోవడానికి కాదు ఈ ఉత్తరం. చీకటి పడిందిరా, ఈ డోము తీసెయ్యి అని నేనడిగిన రోజున నీవు తీయలేదు సరిగదా, పోతూ పోతూ గడపలో ఒక మాట అన్నావు. దాన్ని ఈ కాగితం మీద పెట్టించను. అన్నవాడికీ తెలుసు, పడినవాడికీ తెలుసు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

అందుకే ఆ డోము మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. మీ వదిన దసరా ముందర రెండు మూడుసార్లు తీసేస్తానని బతిమాలింది. ముట్టుకుంటే ఊరుకోనన్నాను. పెట్టినవాడే వచ్చి తీయాలి. శివరాత్రికి రా. నీ చేత్తో దాన్ని విప్పి, నా ముందర నేల మీద పెట్టు. అది జరిగేదాకా నన్ను అన్నా అని పిలవద్దు. నేను పనికిమాలిన దర్జీనని ఊరంతా అనుకుంటున్నారు. ఆ దీపం బోడిగా వెలిగిన రోజున నా కుట్టు చూసి మాట్లాడమని అందరికీ చెప్తాను.

పిల్లలకు నా దీవెనలు. వాళ్ళ మీద నాకేం కోపం లేదు.

సంతకం నేనే చేస్తున్నాను.

ఇట్లు,
తిమ్మయ్య

తా.క. ఓబులేసూ, ఇది నీ వదిన నాగలక్ష్మి సొంతంగా రాస్తున్న మాట. మీ అన్న అరుగు మీదికి పోయినాడు. సంతకం దాకా చదివి వినిపించినా, ఇది వినిపించను.

నాయనా, డోము లేదు.

దసరాకు ఆయుధపూజ అని మిషను కడిగి, గదికి సున్నం కొట్టినా. మీ అన్న తుంగభద్రకు స్నానానికి పోయిన సందు చూసి, ఆయన మాట కాదని, నేనే స్టూలెక్కి డోము విప్పేసినా. గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టినా. వచ్చి చూసుకొని తిడితే తిట్టనీ, గది తెల్లగా ఉండాది కదా, పండగపూట కడుపునిండా కుట్టుకుంటాడులే అనుకున్నా. మిషనుకు కుంకుమ పెట్టి దీపం వేసినా. బోడి బల్బు, కొత్త సున్నం, నా కండ్లే జిగేలుమన్నాయి. మీ అన్న వచ్చి కూర్చున్నాడు. దీపానికి చేతులెత్తినాడు. తలెత్తి చూసి, "పండగపూట కూడా నా నెత్తిమీద ఈ నల్లముండేనా" అన్నాడు. టెంకాయ నా చేతిలోనే ఉండిపోయింది.

ఆ పొద్దునుంచి లేని డోమును తిడతా ఉన్నాడు. వచ్చినోళ్ళకంతా వేలు పెట్టి చూపిస్తాడు. వాళ్ళు పైకి చూస్తారు, బల్బు తప్ప ఏమీ ఉండదు. నా ముఖం చూస్తారు. నేను వెనకనుంచి చేతులు జోడిస్తా. అందుకే తల వంచుకొని పోతారు. పైన సంతకం చూడు, నేను కాగితం మీద వేలు పెట్టి చోటు చూపిస్తే చేసినాడు, అయినా గీత మీద పడలేదు.

ఆ పొద్దు నువ్వు గడపలో అన్నది, "డోముది కాదన్నా తప్పు, ముందు నీ కండ్లు చూపించుకో" అని. నువ్వు అన్నదే నిజమైంది. కానీ నిజం చెప్పేసి రైలెక్కి పోయినోనివి నువ్వు, దాంతో కాపురం చేస్తాండేది నేను. తమ్ముడు చేసినాడనుకుంటే ఆయనకు కోపమొస్తాది, కోపంతోనైనా మిషను ముందర కూర్చుంటాడు. కండ్లు పోతాండాయంటే ఏం చేస్తాడో నాకు తెలియదు. పెద్దాసుపత్రిలో కనుక్కున్నా. పొరలేనంట, కోసి తీస్తారంట, ఆలస్యం చేస్తే ఏమీ చెప్పలేమన్నారు. నేను పిలిస్తే రాడు. నువ్వు వచ్చి పిలవాల.

శివరాత్రికి రా. అటక మీది డోము దించి నేను మళ్ళీ బిగించి పెడతా. ఆయన తిట్టే తిట్లన్నీ పడు, ఎదురు మాట అనొద్దు. ఆయన ముందరే స్టూలెక్కి విప్పు, చేతికివ్వు, నేల మీద పెట్టించుకోనీ. ఆయనకు కావల్సింది అదే.

అది అయినాక మీ అన్న తలెత్తి బల్బు తట్టు చూస్తాడు. అప్పుడు ఆ గదిలో తిట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఆ పొద్దు ఆయన పక్కన నేనొక్కదాన్నే ఉండలేను, నాయనా.

నాగలక్ష్మి