మాలూరులో దిగిపోయినాను

హైదరాబాదు

ప్రియమైన నాన్సీ అక్కకు, సెలీన్ వందనాలు. ప్రభువు దయవల్ల ఈడ అంతా క్షేమం అని రాసినాను, మళ్ళీ కొట్టేసినాను. నీకు అబద్ధం రాయలేను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లుండాది? మన ఆండర్సన్‌పేటలో నీళ్ళు సరిగ్గా వస్తా ఉండాయా? ఫోన్లో అయితే మాటకు ముందే ఏడుపొస్తాది, అందుకే ఈ జాబు.

"యూనివర్సిటీలో మీ చెల్లి ఏం చేస్తాదని ఫ్యాక్టరీలో ఆడోళ్ళు అడిగితే ఏమని చెప్పేది?" అని రాసినావు కదా. ఇట్లా చెప్పు. ఎక్స్ అని ఒక కణం ఉండాది. రెప్ప వేసేలోపల కోట్ల కోట్ల సార్లు పుట్టి చచ్చేంత చిన్న బతుకు దానిది. విరిగేటప్పుడు ఒక్కోసారి ఒక వెలుగు రేణువును వదిలి, చార్మోనియం అనే ఇంగో కణంగా మారతాది. ఆ చార్మోనియం తక్కువ శక్తిది కావచ్చు, ఎక్కువ శక్తిది కావచ్చు. ఏది ఎన్నిసార్లు వస్తాదో చూస్తే, ఎక్స్ లోపల రెండు కణాలు వదులుగా పట్టుకొని ఉండాయా, లేకుంటే అంతా ఒకటే ముద్దా అనేది తెలుస్తాది. వదులుగానే అని నమ్మి నా థీసిస్ అంతా రాసినాను. నా లెక్కలో ఎక్కువ శక్తిది ఎప్పుడో గానీ రాకూడదు. ఇప్పుడు ప్రయోగం చేసేవాళ్ళు కొత్త కొలత బయటపెట్టినారు. అదే ఎక్కువగా వస్తా ఉండాదంట.

చదవతానే ఆ కాగితం పట్టుకొని లేచినాను. నా గైడు సారు దగ్గరికి పోయినాను. ఆయన తలెత్తకుండానే, "ఆ కొలత మనం చూడలేదనుకో. ఈ నెలలో థీసిస్ ఇచ్చెయ్," అన్నాడు.

"చూసినాను కదా సార్."

"అయితే ఇంకో గైడును వెతుక్కో."

ఎందరినో అడిగినాను. ఎవరూ తీసుకోలేదు. ఫెలోషిప్పు ముగిసింది, హాస్టల్ గది ఖాళీ చేయమన్నారు. అక్కా, నేను ఇంగ దేనికి పనికొస్తానో నాకే తెలీడంలేదు.

నీకు చెప్పకుండా దాచింది ఒకటుండాది. పోయిన శుక్రవారం నేను ఇంటికి బయలుదేరినాను. బెంగళూరులో మన ఊరి పక్కకు పోయే మారికుప్పం ప్యాసింజరు ఎక్కినాను. మాలూరులో ఫ్యాక్టరీ షిఫ్టు ముగించుకొని నువ్వూ అదే పెట్టెలోకి ఎక్కినావు. జనం మధ్య నన్ను చూడలేదు. కూర్చోకముందే పక్కామెతో అంటా ఉండావు: "ఈ క్రిస్మస్‌కి మా సెలీన్ డాక్టరయి వస్తాదమ్మా. గని దుమ్ముకు దగ్గీ దగ్గీ పోయినాడు మా నాయన. ఉండి ఉంటే కళ్ళారా చూసుకొనేటోడు."

రైలు కదిలేలోపల ఆ కొస తలుపు నుంచి దిగిపోయినాను. కిటికీలో నీ మొహం అలిసిపోయి నవ్వుతా ఉన్నింది. ప్లాట్‌ఫారం మీదే కూలబడి ఏడ్చి, వచ్చిన దారినే తిరిగి వచ్చేసినాను.

తప్పని తెలిసిన లెక్క కింద సంతకం పెట్టలేనక్కా. అదొక్కటే గట్టిగా తెలుస్తా ఉండాది. మిగతాదంతా చీకటి. మొదటి నుంచి మొదలుపెట్టేకి ఒక్కదానికి ధైర్యం చాలడంలేదు. నువ్వు చదువు గురించి ఏమీ రాయొద్దు. ధైర్యంగా ఉండమని కూడా రాయొద్దు. డాక్టరు కాని సెలీన్ మన ఇంటికి రావచ్చునా, కూడదా, అది రాయి. "రా" అని ఒక్క అక్షరం చాలు.

ఇట్లు,
ఆ అక్షరం కోసం కాచుకొని ఉండే నీ చెల్లెలు,
సెలీన్