కొండలమ్మ దూడను లారీ ఎక్కించవద్దని మనవి

గుమ్మళ్లగరువు,
6 ఫిబ్రవరి 2007.

శ్రీయుత ప్రాజెక్టు అధికారి గారి సముఖమునకు,
దున్నదూడల పెంపకపు పథకం, విజయవాడ.

అయ్యా,

విషయం: గుమ్మళ్లగరువు గ్రామస్థురాలు కొండలమ్మ వద్దనున్న దున్నదూడను శుక్రవారం నాడు వెనుకకు తీసుకొనవలదనియు, ఆ దూడ చిక్కిపోవుటకు కారణము ఆకలి కాదు, ఊపిరితిత్తుల వ్యాధి అనియు, అందు పశువైద్యురాలినైన నా తప్పు గలదనియు మనవి.

తమ కార్యాలయపు ఉత్తర్వు నిన్న అందినది. తూకములో దూడ పెరగనందున పై కొండలమ్మ దానికి మేత పెట్టలేదని నిర్ణయించి, దూడను లారీలో తీసుకొనిపోయి, జాబితాలో తరువాతివాడైన రాంబాబుకు అప్పగింపవలసినదిగా అందులో ఉన్నది. ఆ నిర్ణయమునకు ఆధారము నేను పంపిన తూకపు అంకెలే. అంకెలు సరియైనవే. వాటితో కలిపి పంపవలసిన సంగతులను నేను పంపలేదు. వాటిని ఇప్పుడు ఈ దిగువ విన్నవించుకొనుచున్నాను.

1. కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టివేసిన పిమ్మట పని పోయిన కుటుంబములకు, మాంసము కొరకు పెంచుటకై దున్నదూడలను ఇచ్చుట మంచి ఆలోచనయే. వల తప్ప మరొకటి ఎరుగని వారికి పశువును అప్పగించి, పశువు సంగతి చెప్పు బాధ్యతను నాకు అప్పగించితిరి. కొండలమ్మకు, ఆమె భర్తయైన పెద్దబ్బాయికి రెండు దూడలు వచ్చినవి. అవి ఉయ్యూరు వైపు పాడి గ్రామములలో కొనినవి. పాలు అమ్ముకొను ఇంట మగదూడకు తల్లిపాలు దక్కవు గనుక అవి పుట్టినది మొదలు బలహీనములే. ముసురులో, పైకప్పు లేని లారీలో, ఒకదానినొకటి ఒరుసుకొనుచు వచ్చినవి. దింపినపుడు కాళ్లు, కళ్లు, నాలుక చూచితిని. రొమ్మునకు స్టెతస్కోపు ఆనించి వినలేదు. లారీ డ్రైవరు తొందరపడుచుండెను. అంతకంటె చెప్పుకొనదగిన కారణము నా వద్ద లేదు.

2. ఊపిరితిత్తులు చెడిన దూడ ఏల చిక్కునో తమకు తెలియజేయుట నా విధి. ప్రయాణపు అలసట, తడి, కొత్త మంద, ఇవి కలిసినచో దూడ ముక్కులో ఏ హానియు చేయక పడియుండు సూక్ష్మజీవులు ఊపిరితిత్తులలోనికి దిగును. జ్వరము వచ్చును. జ్వరములో దేహమునకు ఖర్చు పెరుగును, ఆకలి తగ్గును. లోపలికి వచ్చునది చాలనపుడు దేహము తన కొవ్వును, దానితోబాటు తన కండను కరగించి, రోగముతో పోరాడు కణములకు ఆహారముగా పంపును. కట్టెలు లేనివాడు ఇంటి వాసములు పీకి పొయ్యిలో పెట్టినట్లు. ఆ దశలో తిన్న మేత కండ కాదు, మంటకే పోవును. నెమరు కూడ మందగించును గనుక, బరువు కొరకని తవుడు, పిండి ఒక్కసారిగా పెంచినచో కడుపు పులిసి మరింత కీడు కలుగును. జ్వరము తగ్గిన తరువాతను, మచ్చపడిన ఊపిరితిత్తులు గల దూడ తన ఈడు దూడలను అందుకొనుటకు చాల కాలము పట్టును. కొన్ని ఎన్నటికిని అందుకొనవు. కావున త్రాసు దూడ బరువును చెప్పును గాని, దానిని పెంచు మనిషి ఎటువంటిదో చెప్పదు.

3. పై సంగతి అంతయు తెలిసిన నేను మొదటి తూకము నాడు ఏమి చేసితినో కూడ వ్రాయవలెను. కొండలమ్మ పెద్ద దూడ దగ్గుచుండెను.

“డాక్టరమ్మగారూ, తెల్లారుగట్ట మంచుకి మరీ గురక పెడతందండీ. గడ్డి ముట్టట్లేదు,” అని ఆమె చెప్పినది.

వరుసలో ఆమె వెనుక రాంబాబు నిలుచుండెను. తనకు ఇంకను దూడ రాలేదన్న అక్కసు అతనికి ఉన్నది.

“కోతకి పోయే దున్నకి దగ్గుమందేంటి వదినా? పెళ్లిచూపులకేమన్నా తీసుకెళ్తన్నావా?”

“నువ్వూ కాటికి పోయేవోడివేగదరా! మరి నిన్నెందుకు మేపతంది మీ ఆవిడ?”

అందరును నవ్విరి. నేనును నవ్వితిని. ఆ నవ్వులోనే ఆమెతో ఇట్లంటిని: “నీరసం, అంతే. తవుడు గంజి ఎలాగైనా లోపలికి పోవాలి. పై తూకానికి బరువు రాకపోతే తీసుకెళ్లిపోతారు. తర్వాత నన్ననొద్దు.” ఆ చివరి మాటలు అనవలసిన అవసరము లేదు. వెనుకనున్న వారికి కూడ వినబడవలెనని గట్టిగా అంటిని.

4. మేత పెట్టలేదన్న మాట అసత్యము. కొండలమ్మ తమ ఇంటి బియ్యమునే కాచి దూడకు గంజి చేసినది. పాకకు దోమలు రాకుండ సన్నకన్ను వలను నాలుగు వైపుల కట్టినది. ఆ వల ఈనాడు కూడ అక్కడనే ఉన్నది, ఎవరైనను వచ్చి చూడవచ్చును. ఆమె భర్తను విచారించగా, “మా ఇంట్లో ముందు దూడ తినాలండీ, తర్వాతే నేను. నాకు కామెర్లొచ్చినప్పుడు కూడా ఇంత చెయ్యలేదండీ మా ఆవిడ,” అని వాంగ్మూలమిచ్చినాడు. అసూయతో ఇచ్చిన వాంగ్మూలము గనుక నమ్మదగినదని నా అభిప్రాయము.

5. పెద్ద దూడ చనిపోయినది. శవపరీక్ష నేనే చేసితిని. ఊపిరితిత్తుల ముందు భాగములు కాలేయము వలె గట్టిపడియున్నవి. అది లారీ నాటి వ్యాధి. కాని గాలి పోవు మార్గములలో తవుడు రేణువులు కనిపించినవి. మేత ముట్టని పశువునకు తల ఎత్తి, నాలుక పక్కకు లాగి, వెదురు గొట్టముతో గంజి పోయుట ఈ ప్రాంతపు అలవాటు. పశువులను కొత్తగా పెంచుచున్న కొండలమ్మ దానిని పాడి ఇండ్లవారిని అడిగి మరీ నేర్చుకొన్నది. మామూలు పశువైతే మింగును. దగ్గుచు, ఎగశ్వాసతోనున్న పశువు మింగలేదు, గంజి ఊపిరితిత్తులలోనికి పోవును. ఆమె పూటపూటకు పోసినది. బరువు రాకపోతే తీసుకెళ్లిపోతారని నేను చెప్పినందున పోసినది. ఆ దూడ ఆకలితో చావలేదు. గంజితో చచ్చినది. దగ్గు పశువునకు గొట్టము పెట్టరాదని ఒక్క మాట నేను చెప్పియుండవలసినది.

ఈ సంగతి కొండలమ్మకు తెలియదు. “ఆఖరి పూట కూడా కాస్త గంజి పోశానండీ. కడుపు మాడ్చి పంపలేదు, అదొక్కటే తృప్తి,” అని ఆమె నాతో అన్నది. అప్పుడు నేను చేతులు కడుగుకొనుచుంటిని. మాట దాటవేయుటకు మరల సబ్బు రుద్దుకొంటిని.

6. కావున తమరిని కోరునది ఏమనగా: చిన్న దూడకును అదే వ్యాధి సోకినది. మందులతో జ్వరము తగ్గినది, ఇప్పుడిప్పుడే గడ్డి కొరుకుచున్నది. ఈ మంచులో మరల లారీ ఎక్కించినచో వ్యాధి తిరగబెట్టును. దానిని కొండలమ్మ వద్దనే ఉంచవలెను. ఉత్తర్వులో ‘యజమాని అశ్రద్ధ’ అన్నచోట ‘వైద్యురాలి అశ్రద్ధ’ అని దిద్దవలెను. ఊపిరితిత్తుల వ్యాధికి చికిత్స పొందిన ఏ దూడనైనను మిగిలిన వాటితో సమానముగా తూచి, యజమానికి శిక్ష వేయు పద్ధతిని మానవలెను.

ఉత్తర్వులను గ్రామసభలో చదివి వినిపించుట తమ కార్యాలయపు ఆనవాయితీ. అయిదవ అంశమును మాత్రము చదివింపవలదని ప్రత్యేకముగా వేడుకొనుచున్నాను. అది తమ కంటికే గాని ఆమె చెవికి కాదు.

7. లారీలో ఎక్కించుటకు దూడ ప్రయాణమునకు తగియున్నదని నా సంతకము కావలెను. ఆ సంతకము నేను చేయజాలను. వేరొక వైద్యుని పంపదలచినచో పంపుడు. దూడ రొమ్ము విని మరీ సంతకము చేయుమని వారికి చెప్పి పంపుడు.

పై సంగతులు చిత్తగించి, దూడను కొండలమ్మకును, శిక్షను నాకును దయచేయవలెను.

తమ విధేయురాలు,
కనకవల్లి,
పశువైద్యురాలు.

తా.క. కవరు అంటించకమునుపే కొండలమ్మ చిన్న దూడకు సూది వేయించుటకు వచ్చినది. “నా గురించే రాశారంటగా, చదవండమ్మా,” అన్నది. చదివితిని. అయిదవ అంశమును దాటవేసితిని.

“నాలుగు తర్వాత ఆరన్నారేంటండీ?”

“ఏవో మందుల సంగతులులే.”

“చేపలు లెక్కపెట్టేటప్పుడు దాచేవోళ్లని చాలామందిని చూశానండీ. మొహం ఇట్టాగే పెడతారు. చదవండి డాక్టరమ్మగారూ.”

చదివితిని. ఆమె ఏడ్వలేదు. దూడ పలుపును నా బల్ల కాలికి కట్టివేసి, “మా వీధిలో దుర్గకి గొట్టం ఇచ్చొచ్చానండీ నిన్న. దాని దూడా దగ్గతంది. పొయ్యవే అని నేనే చెప్పా,” అన్నది. అంటూనే బయలుదేరింది. సంచి పట్టుకొని నేనూ వెంట పరుగెత్తాను.

దుర్గ అప్పటికే దూడ తల మోకాలికి అదిమిపెట్టి నాలుక లాగి పట్టుకుంది. “ఉండు వదినా, ఇదొక్క గొట్టమే, అయిపోద్ది,” అంటున్నది. కొండలమ్మ గొట్టం లాక్కుని గంజి నేల మీద పారబోసింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు చేరారు, రాంబాబు కూడా వచ్చాడు. అందరి ముందే అన్నది:

“పొయ్యమాకే. నా దూడని నేనట్టాగే చంపుకున్నా.”

నా తప్పూ ఉందని నేను చెప్పబోయాను. “మీరు ముందు దాని గుండెల మీద పెట్టి చూడండమ్మా,” అన్నది కొండలమ్మ. చూశాను. కుడివైపు ఊపిరిలో గరగర ఉంది. మందు మొదలుపెట్టాను. దుర్గ అప్పటికే ఎంత పోసిందో సరిగా చెప్పలేకపోతున్నది. రేపు పొద్దున మళ్లీ చూడాలి.

అయ్యా, ఆరవ అంశం చివర, చదివించవద్దని నేను కోరిన కోరికను కొట్టివేయండి. దయ అనుకుని దాచాను. అది దయ కాదు. ఈ పథకం కింద దూడలిచ్చిన ప్రతి ఊళ్లోనూ అయిదవ అంశాన్ని చదివించండి. మైకు పెట్టి చదివించండి. కొండలమ్మ పేరు తీసేసి చదివించమని వ్రాయబోయాను. ఆమె ఉంచమన్నది.