ఇంటికొచ్చిన ఎర్రజెండా

మద్రాసు, 4-2-1990

ప్రియమైన అక్కకి, సూర్యం నమస్కారాలు.

ఎగిరే మనిషి సినిమా రాస్తున్నానన్నాను కదా. మొదటినుంచి చివరిదాకా నవ్వే. నిర్మాత విని, "నవ్వొచ్చిందయ్యా. వాడు పడిపోతాడేమోనని మాత్రం భయం వెయ్యలేదు. నెలాఖరుకి ఆ భయం పట్రా, లేదంటే వేరే రైటర్ని పెట్టుకుంటా" అన్నాడు.

మన సంగతే పెట్టానక్కా. నాకు నాలుగేళ్ళు. నాన్న ఎర్రజెండా నా మెడకి కట్టి మంచం మీంచి దూకించావు. వాకిట్లో బొగ్గు కుప్పలో పడ్డాను. నువ్వు పడీపడీ నవ్వావు. ఇందులో భయం ఎక్కడ పెట్టను?

ఈ ఏడూ రాలేనేమో.

నీ సూర్యం


బిలాస్‌పూర్, 9-2-1990

చిరంజీవి సూర్యానికి,

పూజ అయ్యాక రాస్తున్నాను. సినిమాలు నాకు తెలియవు. నవ్వు తీసెయ్యకు. నవ్వేవాళ్ళ మధ్య నవ్వనివాళ్ళు ఒకరుంటే చాలు.

పక్క క్వార్టరు అచ్చియమ్మగారు ఊరి చివర మోప్కాలో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయారు. ప్రసాదం పిడికెడే వండుతున్నాను.

ఆశీస్సులతో,
అక్క


మద్రాసు, 13-2-1990

ప్రియమైన అక్కా,

నవ్వనిదెవరు? వాకిట్లో మనిద్దరమే. అమ్మ లోపల పడుకుంది. నాన్న డ్యూటీలో ఉన్నాడు. ఆయన పోయింది ఆ తర్వాత కదా? త్వరగా రాయి.

సూర్యం


బిలాస్‌పూర్, 18-2-1990

చిరంజీవి సూర్యానికి,

నాన్న గతౌరా రైలు గేటు దగ్గర గేటుమన్. గేటు జెండా ఇంటికి రాదు. డ్యూటీ దిగేవాడు ఎక్కేవాడి చేతికిచ్చి రావాలి. మరి ఆ రోజు మనింట్లో ఎందుకుందో నువ్వెప్పుడూ అడగలేదు.

నాన్నతో పనిచేసే పైడిరాజు మామ తెచ్చాడు. పట్టాల పక్కన దొరికిందట. "అమ్మా, మీ నాన్న..." అని ఆగిపోయాడు. అమ్మ పడుకోలేదురా, స్పృహ తప్పింది.

నువ్వు నా పావడా పట్టుకుని, "నాన్న రాలేదేటి? ఆ జెండా ఏటి?" అన్నావు. నాకు పదహారేళ్ళు. "నువ్వు ఎగరడానికిరా" అన్నాను.

నవ్వుతున్నంతసేపూ నువ్వు నాన్నని అడగలేదు. అందుకే మళ్ళీ మళ్ళీ దూకించాను. నువ్వు ముందుకి దూకేవాడివి. వెనక నా నవ్వు విన్నావు, ముఖం చూడలేదు. నీ సినిమాలో అది చూపించు.

జెండా ఇన్నాళ్ళూ దేవుడి పీట కింద ఉంది. షూటింగుకి కావాలంటావేమో. పోస్టులో పంపను. చేతినుంచి చేతికే ఇవ్వాలి.

ఎదురుచూస్తూ,
అక్క