గులాబీ చీర బొమ్మ

కర్నూలు, మంగళవారం

మా పెళ్లైన కొత్తలో సుజాత అద్దంలో చూసుకుంటూ కలర్ పెన్సిళ్లతో గీసుకున్న తన బొమ్మను ఇవాళ ఫ్రేముల షాపుకు తీసుకెళ్లాను. ఆమె పోయాక ఫొటోకు బదులు దాన్నే హాల్లో, పడమటి కిటికీకి ఎదురుగా తగిలించాను. ఏడాది ఎండకు బొమ్మలోని గులాబీ చీర తెల్లబడింది.

"ఈ రంగే ముందు పోతాదప్పా," అన్నాడు షాపాయన. "కలర్ జిరాక్స్ తీసి గోడకు పెట్టుకో. అసలుది ఎండ తగలకుండా దాచు."

"పోయిన రంగు వస్తాదా?"

"రాదు. ఉండేది నిలుస్తాది."

జిరాక్స్ తగిలించాను. ఏమీ అనిపించలేదు. రేపు ఆమె సంవత్సరీకం, దండ దేనికి వేయాలో...

బొమ్మను బీరువాలో పెడుతుంటే అందులో ఆమె కట్టుకున్న ఆ చీరే చేతికి తగిలింది. కట్టుకునే మనిషి లేదు, ఎండ తగల్లేదు. దాని గులాబీ అలాగే ఉంది.