వద్దన్నవాళ్ళకు కాగితాలు మడిచాను

చెల్లెలు కృష్ణవేణికి అక్క ఆశీస్సులు.

నీ మోకాలు ఇప్పుడైనా నీ మాట వింటోందా? మరిదిగారు మందులు వేళకు వేసుకుంటున్నారా, నీ మీద అలిగి మానేస్తున్నారా? ఇక్కడ శాంతి, అల్లుడు, మనవరాలు క్షేమం. ఫ్రాన్సు వచ్చి ఎనిమిది నెలలైంది. నేను బాగానే ఉన్నాను, దిగులుపడకు.

మే నెలలో స్వెట్టర్ వేసుకుంటున్నానంటే తమిళదేశపు ఎండల్లో మాడే మన కోవిల్‌పట్టిలో ఎవరూ నమ్మరు. పిల్లలు ఆఫీసుకీ బడికీ వెళ్ళాక ఇంట్లో నేనూ ఫ్రిజ్జూ. ఫ్రిజ్జే నయం, అప్పుడప్పుడు గొణుగుతుంది.

ఇక్కడ కొన్ని వారాలుగా ఒకటే రభస. యూరప్ దేశాలన్నీ కలిసి పెద్ద ఒప్పందం రాసుకున్నాయి. దానికి 'సరే' అంటారా 'వద్దు' అంటారా అని జనాన్ని ఓటు అడిగారు. ఎదురింటి మోనిక్ ఎర్రజెండా మనిషి, 'వద్దు' పక్షం. ఇంచుమించు నా వయసే. ఆమె పనిచేసిన నూలు మిల్లును యజమాని కూలి చవకైన దేశానికి తరలించేశాడు. ఈ ఒప్పందం అలాంటివాళ్ళకే దారి వేస్తుందని ఆమె కోపం. వచ్చీరాని ఇంగ్లీషులో అదంతా చెప్పి, సాయంత్రం నాలుగింటికి కరపత్రాలు మడవడానికి వాళ్ళ పార్టీ గదికి రమ్మంది. ఆమె వాదమంతా నాకు ఒప్పుదల కాలేదు. కానీ ఒక మనిషి రమ్మని పిలిచింది. వెళ్ళాను.

బల్ల మీద కాగితాల కట్టలు, పోస్టర్ల కోసం ఒక గిన్నెలో బంక. చిన్నప్పుడు మనం కూలికి అగ్గిపెట్టెల పైతొడుగులు, ఆ గూళ్ళు, మడిచిన చేతులు కదా, కాగితమూ బంకా పక్కపక్కన కనిపిస్తే ఊరుకుంటాయా? ఎవరూ చూడకముందే నూరు కరపత్రాలు మడిచి, అంచులు అంటించి, గూళ్ళలా పేర్చేశాను. మోనిక్ ఒకటి ఎత్తి, ఆ గొట్టంలోంచి నన్ను చూసి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అయినా పారేయలేదు. సంతలో పంచితే లోపల ఏముందోనని జనం విప్పి చదివారట. ఆ పైన నన్ను రోజూ పిలిచారు. బంక మాత్రం దూరంగా పెట్టారు.

ఈ ఇంట్లో ఎవరికీ ఓటు లేదు, పోట్లాట మాత్రం వచ్చింది.

"అత్తా, నువ్విక్కడ ఉండేదానికి పర్మిట్ కాగితాలే ఇంకా రాలా. ఈ ఊరి అరసియల్ నీకెందుకు? సుమ్మా ఇంట్లో ఉండకూడదా?" అన్నాడు అల్లుడు. అరసియల్ అంటే రాజకీయమని నీకు చెప్పక్కర్లేదు.

"సుమ్మా ఉండేదానికి, ఊరికే పడుండేదానికి, నేనేమి మీ సోఫానా?" అన్నాను.

శాంతి అడ్డం వచ్చింది. "పోనీండి. అమ్మకు ఆ మాత్రం మాట్లాడే మనిషి ఇంకెవురుండారు?"

ఆ మాటకు అల్లుడు తలదించుకున్నాడు. నేనూ దించుకున్నాను. కూతురికి అంత తెలుసని నేననుకోలేదు.

'వద్దు' గెలిచింది. వీధిలో పాటలు పాడారు. మీసాలాయన ఒకడు నా రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకున్నాడు, మరిదిగారికి చెప్పకు. "మనం గెలిచాం" అంటూ మోనిక్ నా చేయి పైకెత్తింది.

మర్నాడు నాలుగింటికి కళ్ళజోడు తీసుకుని వెళ్ళాను. గదికి తాళం. మోనిక్ కూతురింటికి వెళ్ళిందట, వేసవంతా అక్కడేనట. ఆమె తప్పేముంది, ఆమె పని అయిపోయింది. నాకే, అది అయిపోయే పని అని తట్టలేదు. మెట్ల మీద కూర్చున్నాను, వాన మొదలైతే లేచి వచ్చాను.

మన ఊరి వేరుశనగల కడల మిఠాయి పంపిస్తే మనవరాలు తింటుంది. నీ వల్ల కాకపోతే వద్దులే. ఇక్కడ నాలుగు గంటలైతే అక్కడ ఏడున్నర. ఆ వేళకు ఫోన్ చెయ్యి. పెద్దవదినకు నా బదులు దండం పెట్టి, ఆవిడ దీవెనలో నాకూ కాస్త మిగల్చు. మరిదిగారికి నమస్కారాలు.

చెప్పడానికి ఏమీ లేకపోయినా చెయ్యి. నన్ను తిట్టు. మన ఇంటి మాటలో తిట్టు, నేను ఫోన్ పెట్టేయను.

నీ అక్క,
రంగనాయకి