ముందు అవతలివాడి మాట

హెండర్సన్,
ఆదివారం

అన్నయ్యకీ వదినకీ సుజాత వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ, ఆయనా, పిల్లా బాగానే ఉన్నాం. వదిన మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నీ షుగర్ ఎలా ఉంది? ఫోన్ చేస్తే ఎత్తవు కాబట్టి కాగితం మీద అడుగుతున్నాను. కాగితాన్ని కట్ చెయ్యలేవుగా.

ఇక్కడ మూడు వారాలుగా ముసురు. బట్టలు ఆరవు. వండుతున్నాను, తింటున్నాను, డ్యూటీకి వెళ్తున్నాను. ఫ్రీజర్‌లో గోంగూర ఉంది, తీయాలనిపించదు. అమ్మ పోయి నాలుగు నెలలైంది, నాకింకా ఏడుపు రాలేదు. మొద్దుబారిపోయాను. అయినా బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకండి.

నేను చేసే వృద్ధాశ్రమంలో ఇద్దరు పెద్దవాళ్లున్నారు, సామీ గారు, డెస్మండ్ గారు. ఇద్దరిదీ ఉత్తర ఐర్లాండే. సామీ గారు ప్రొటెస్టెంట్, డెస్మండ్ గారు కేథలిక్. మనకైతే ఆర్‌సీఎం కేథలిక్‌లతో పేచీ పెళ్లి సంబంధాల దగ్గరే. అక్కడ ఏళ్ల తరబడి బాంబులు పెట్టుకుని చచ్చారట. చివరికి ఒప్పందం కుదిరింది. ఉత్తర భాగం బ్రిటన్‌లోనే ఉంటుంది, ఎక్కువమంది కావాలంటే మాత్రం ఓటేసి దక్షిణాన ఉన్న ఐర్లాండ్‌లో కలవచ్చు. కలవాలని డెస్మండ్ గారు, వద్దని సామీ గారు. ఇక్కడికొచ్చి యాభై ఏళ్లయింది, అక్కడ వీళ్లకి ఓటు కూడా లేదు. అయినా ప్రతి బుధవారం టీ దగ్గర కూర్చుని ఆ దేశం సంగతి తేలుస్తారు. జెండా ఏది, పింఛను ఎవరిస్తారు, పార్లమెంటు ఎక్కడ, అన్నీ.

వాళ్లకో పద్ధతుంది. అవతలివాడికి జవాబు చెప్పాలంటే ముందు అతని మాట మన నోటితో చెప్పాలి. అతను విని "అంతే" అనాలి. అనేదాకా జవాబు చెప్పకూడదు. ఇదేం చాదస్తం అనుకునేదాన్ని. చల్లారిన టీ మళ్లీ వేడి చేసేది నేనేగా.

ఆ మధ్య ఒక బుధవారం సామీ గారు, "రేపు కలిపేస్తే మా నాన్న సమాధి ఎవరి దేశంలో ఉంటుంది?" అన్నారు.

"మీ నాన్న పరాయి దేశంలో ఉండిపోతాడని నీ భయం" అన్నారు డెస్మండ్ గారు.

"కాదు."

"నిన్ను అడక్కుండా కలిపేస్తారని."

"కాదు."

డెస్మండ్ గారు కప్పు పక్కన పెట్టారు. "మీ వాళ్లంతా అక్కణ్ణించి వెళ్లిపోతారని. ఇక ఆ సమాధి దగ్గరికి వెళ్లేవాళ్లే ఉండరని."

"అంతే" అన్నారు సామీ గారు.

"దీనికి జవాబు వచ్చే బుధవారం చెప్తాను" అన్నారు డెస్మండ్ గారు. సోమవారం ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

బుధవారం సామీ గారు తన చక్రాల కుర్చీని ఆయన గదికి తోసుకెళ్లమని నన్ను అడిగారు. మంచం పక్కన కూర్చుని డెస్మండ్ గారి పక్షం తానే చెప్పారు. "పుట్టిన ఊళ్లోనే నిన్ను పరాయివాణ్ణి చేశాం. పనికి వెళ్తే ముందు ఏ చర్చి అని అడిగాం. ఎవరూ అలా అడగని చోట నీ ఊరు ఉండాలంటావు. అంతేనా?" డెస్మండ్ గారి ఎడమ చెయ్యి దుప్పటి మీద కొంచెం లేచింది. ఇక జవాబు చెప్పే వంతు సామీ గారిది. ఈ రోజుకి చాలు, వెళ్దాం అన్నారు.

నాకప్పుడూ ఏడుపు రాలేదు, అబద్ధం ఎందుకు. కానీ నీ మాట నేను ఒక్కసారైనా నా నోటితో చెప్పలేదని తట్టింది.

అమ్మను ఖమ్మంలో నాన్న సమాధి పక్కనే పెట్టమన్నాను. నువ్వు బెజవాడలో పెట్టావు. అప్పుడు నేను నోరు జారాను. రాష్ట్రం విడగొట్టిన కోపం అమ్మ శవం మీద తీర్చుకున్నావు, తెలంగాణ మట్టిలో పెట్టడం నీకు ఇష్టం లేదు అన్నాను. మా ఆయనది వరంగల్ కాబట్టే ఆయనంటే నీకు పడదని కూడా కలిపి అన్నాను. నువ్వు ఫోన్ పెట్టేశావు.

ఇప్పుడు చెప్తున్నాను. నాన్న సమాధి మీద గడ్డి పెరిగినా చూసేవాళ్లు ఖమ్మంలో మనకెవరూ లేరు. చివరి మూడేళ్లు అమ్మకి స్నానం చేయించింది నువ్వూ వదినా. ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక నడిచి వెళ్లి చూసొచ్చేంత దగ్గరలో అమ్మ ఉండాలనుకున్నావు. ఆమెను ఒంటరిగా వదలలేకపోయావు. నేనేమో ఫోన్‌లో మట్టి వెయ్యడం చూసి, నీకు బుద్ధులు చెప్పాను.

పాస్టరు గారికీ, సంఘంలో పెద్దలకీ నా వందనాలు. మా కోసం ప్రార్థన చెయ్యమను. వీలైతే అమ్మ సమాధి ఫోటో ఒకటి వదిన చేత పంపించు.

నాకు జవాబు రాయక్కర్లేదు అన్నయ్యా. నేను చెప్పింది సరే అయితే అంతే అని ఒక్క మెసేజ్ పెట్టు. కాకపోతే కాదు అని పెట్టు, మళ్లీ చెప్తాను.

నీ చెల్లెలు,
సుజాత